దీవుల విద్యుత్తు: విద్యార్థి చేతిపని
(సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఆంధ్రదేశమున ఒక విద్యుత్కేంద్రము అకస్మాత్తుగా నిలిచిపోయినను, దేశమంతటను అల్లుకొనియున్న తీగలగుండ వేరొక రాష్ట్రపు శక్తి వచ్చి ఆ లోటును పూరించును. అండమాను నికోబారు దీవులకు అట్టి ఆధారము లేదు. ప్రధాన భూభాగము ఇచ్చటికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది. 2020లో చెన్నైనుండి సముద్రగర్భమున వచ్చిన తీగ వార్తలను తెచ్చునే గాని విద్యుత్తును తేదు. దీవుల దీపములను దీవులే వెలిగించుకొనవలెను. అందులకు వలసిన డీజిలు ఓడలపై రావలెను.

ఈ స్థితిని మార్చుటకు యత్నములు జరుగకపోలేదు. 2001లో ఉత్తర అండమానునందు కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము వెలసినది. దక్షిణ అండమానున 2013లో గరాచర్మయందు 5 మెగావాట్ల సౌరకేంద్రమును, 2020లో బ్యాటరీలతో కూడిన 20 మెగావాట్ల సౌరకేంద్రమును ఏర్పడినవి. అయినను నేటికిని అధికభాగము డీజిలు యంత్రములదే.

ఇట్టి చోట విద్యుచ్ఛాస్త్రమును అభ్యసించు విద్యార్థి చేయు ప్రాజెక్టు కేవలము మార్కులకొరకైన తంతు కారాదు. పోర్టు బ్లెయిరునందు, అనగా 2024లో శ్రీవిజయపురమని నామాంతరము పొందిన పట్టణమునందు, 1984లో పాలిటెక్నిక్కుగా ఆరంభమైన డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ సాంకేతిక విద్యాసంస్థ కలదు. సాంకేతిక విద్యకై దీవుల బిడ్డలందరును సముద్రము దాటవలసిన అవసరము దానివలన తగ్గినది. దీవిలో చదివిన చదువు దీవికి అక్కరకు రావలెనన్నచో, అది పుస్తకమునుండి చేతిలోనికి దిగవలెను.

ఒక చిన్న ఉదాహరణము చాలును. జెట్టీ మెట్లకడ రాత్రి 6 గంటలపాటు వెలుగవలసిన 5 వాట్ల సౌరదీపమును ఒక విద్యార్థి నిర్మింపబూనెననుకొందము. ఒక రాత్రికి 30 వాట్-గంటల శక్తి కావలెను. వరుసగా మూడు దినములు మబ్బు పట్టినచో 90 కావలెను. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేసినచో దాని ఆయువు క్షీణించును గనుక 180 వాట్-గంటలకు తగిన బ్యాటరీ, అనగా 12 వోల్టుల 15 ఆంపియర్-గంటలది, అవసరము. వానకాలమున దినమునకు 3 గంటల నిండుటెండకు సమానమైన వెలుగు మాత్రమే లభించునని తలచి, నష్టములను తీసివేసినచో, 20 వాట్ల పలక ఉండవలెను. ఇంతవరకు కాగితముపై లెక్క.

అసలు పాఠము ఆ పిమ్మట ఆరంభమగును. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు ఈ దీవులలో, ఉప్పుగాలికి కొలదికాలములోనే రాగితీగల కొనలు పచ్చబారును, అతుకులయందు వోల్టేజి నష్టమగును, దీపము మినుకుమినుకుమనును. లెక్క తప్పలేదు, దీపము మాత్రము ఆరిపోయినది! అప్పుడు విద్యార్థి అతుకులకు వార్నీషు పూయుటయు, పెట్టెకు రబ్బరు అంచు నమర్చుటయు, తీగను పెట్టెలోనికి అడుగునుండి, ఒక వంపుతో, నీటిబొట్టు బయటనే రాలిపోవునట్లు తెచ్చుటయు నేర్చుకొనును. గట్టుపై కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు.

రెండవ ఉదాహరణము. ఒక చిన్న మోటారుతో ఒక చిన్న జనరేటరును త్రిప్పి, దానికొక బల్బు తగిలించి, పిమ్మట మరి రెండు బల్బులను ఒక్కమారుగా వేసి చూడవలెను. యంత్రము బరువునకు క్రుంగి మందగించును. సెకనునకు 50 ఉండవలసిన ఆవృత్తులు తగ్గిపోవును. దీవి విద్యుత్తుయొక్క కష్టమంతయు ఆ బల్లపైననే కానవచ్చును. పెద్ద దేశములో ఒక మబ్బు సూర్యుని కప్పినచో లెక్కలోనికి రాదు. చిన్న దీవిలో అదే మబ్బు యంత్రములను క్రుంగదీయును. సౌరకేంద్రమునకు బ్యాటరీలేల జతచేయబడెనో ఆ మూడు బల్బులే చెప్పును.

కనుక తలిదండ్రులకు ఒక మనవి. పొరుగింటి పుల్లకూర రుచియన్నట్లు, ప్రధాన భూభాగపు అంగడిలో సిద్ధముగా దొరకు మెరుగుపెట్టెను కొని బిడ్డచేతికీయవలదు. ఆ సొమ్ముతో ఒక మల్టీమీటరును, ఒక సోల్డరింగు ఐరనును కొనియీయుడు. పాడైన పంకాను పాతసామానులవానికి అమ్మక బిడ్డయెదుట నుంచుడు. దానిని విప్పుటకుముందు విద్యుత్సంబంధమును తొలగింపవలెనని మాత్రము మరువక చెప్పుడు. కార్యాలయములందు విద్యుచ్ఛాఖలో పనిచేయు మన సభ్యులు సెలవుదినమున ఒక గంట విద్యార్థులకిచ్చినచో, ఏ గ్రంథమునందును లేని అనుభవము వారికి దక్కును. పరీక్షించువారును వెలిగిన దీపమునే గాక, అది ఎన్నిమార్లు, ఏల ఆరెనో వ్రాసికొన్న పుస్తకమును కూడ అడిగి చూతురు గాక!

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు నికోబారు దీవులలో ఇండ్లతోపాటు జెట్టీలును విద్యుత్కేంద్రములును ధ్వంసమైనవి. అట్టి రాత్రి సాయము ఓడపై వచ్చువరకు, దొరికిన తీగతో, మిగిలిన బ్యాటరీతో ఒక దీపమును వెలిగింపగల చేయి ఆ దీవియందే ఉండవలెను. ఆ చేయి నేడు ఏదో ఒక ఇంట, బల్లముందు, వంకరగా అతికిన తీగను మరల విప్పుచున్నదేమో! దానిని విసుగుకొనక విప్పనిండు.