నమూనా ఇంజనుకు పేరుపలక

రైలు ఇంజను నమూనాను నిర్మించువారికి చివరి పని పేరుపలక నమర్చుట. పని చిన్నదే, కాని ఆ పలకతోనే అది ఏదో ఒక ఇంజను గాక, ఫలానా ఇంజను అగును.

ఇంగ్లండు దేశపు 'మాలార్డ్'ను చూడుడు. మాలార్డ్ అనగా ఒక జాతి బాతు. 1938 జూలై 3వ తేదీన ఈ ఇంజను గంటకు 126 మైళ్ల వేగమందుకొని, ఆవిరి ఇంజనులలో ప్రపంచ రికార్డు స్థాపించినది. నాడు దాని సంఖ్య 4468; 1948లో 60022 అయినది. ఆ విజయమును తెలుపు ఫలకములను దాని ఇరుప్రక్కల బిగించినదియు 1948లోనే. కనుక 1938 నాటి మాలార్డుకు ఆ ఫలకములు పెట్టరాదు. పెట్టినచో పందెము గెలువక మునుపే పతకము ధరించినట్లగును.

ఇక పలకను సంపాదించు విధము. బ్రిటనులో బహుళ ప్రచారముగల కొలతలో అసలు ఇంజను అడుగునకు నమూనాలో 4 మిల్లీమీటర్లు. మూడడుగుల పలక 12 మిల్లీమీటర్లే అగును. ఇంట కాగితముపై ముద్రించి అతికింపవచ్చును గాని, అక్షరములకు ఉబ్బెత్తు రాదు. అంగడిలో దొరకు ఇత్తడి పలకలపై, చుట్టునున్న లోహమును ద్రావకము తినివేయగా, అక్షరములు ఎత్తుగా నిలుచును. అట్టిదానికి నలుపో ఎరుపో రంగు పూసి, ఆరిన పిదప, చదునైన చెక్కకు చుట్టిన సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్దినచో అక్షరములు మెరయును. ఆ పిమ్మటనే రేకునుండి కత్తిరింపవలెను. ముందే కత్తిరించిన పలక వ్రేళ్లకు చిక్కదు. అతికించుటకు బొట్టంత వార్నిషు చాలును. ఆరులోపుగా వంకర సరిదిద్దుకొనవచ్చును.

కొనుటకు ముందు మీ నమూనా ఏ సంవత్సరపు ఇంజనో నిశ్చయించుకొని, ఆనాటి ఛాయాచిత్రమును ఎదుట నుంచుకొనుడు. పేరు, సంఖ్య, రంగు మూడును ఆ సంవత్సరమునకే చెందియుండవలెను.