ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నిధులు - మన హక్కు

2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్ద ఆపరేషన్లు చేయించింది, కాదనను. కానీ ఆ డబ్బు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి వైద్యానికే. రక్తహీనతతోనే కలుపు తీసే కూలీకి, రోజూ బి.పి. మాత్ర కావలసిన ముసలమ్మకి దగ్గర్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒకటి అన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణమే. ఆరోగ్య నిధుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికేనని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. అక్కడ నర్సూ మందులూ లేకపోతే రోగి సేవంతా ఇంటి ఆడమనిషి మీద పడుతుంది. ఆమె కూలి పోతుంది, ఆమె జబ్బు వాయిదా పడుతుంది. కాబట్టి ఆరోగ్య బడ్జెట్ స్త్రీల సమస్యే. ఖాళీ పోస్టులెన్ని, మందులకెంత వచ్చింది, ఎంత ఖర్చయింది - గ్రామసభలో మన సంఘాలు అడగాలి.