మహాయుగ సంఖ్య



సంకల్పమునందు మనము నిత్యము స్మరించు కలియుగమునకు పెద్దలు చెప్పిన ప్రమాణము 4,32,000 సంవత్సరములు. దీనికి పదిరెట్లు మహాయుగము, అనగా 43,20,000. ఇంత పెద్ద సంఖ్య యేల యని కొందఱు నవ్వుదురు. తర్కింపరాదని కొందఱు చేతులు జోడింతురు. లెక్క వేసి చూచువారు తక్కువ. నేడు మనము వేసి చూతము.

ఈ సంఖ్యను విడదీసిన 2 ఎనిమిది మాఱులు, 3 మూడు మాఱులు, 5 నాలుగు మాఱులు గుణకములై కనబడును. కావున దీనిని శేషము లేక భాగించు సంఖ్యలు, ఒకటియు తానును జేరి, 180. ఒకటి మొదలు పది వఱకు గల సంఖ్యలలో ఏడొక్కటే భాగింపలేదు. దానితో భాగించిన 6 మిగులును.

అందుచేతనే పంపకము సులభమైనది. పురాణములు దీనిని పది పాళ్లు చేసి, కలికి ఒకటి, ద్వాపరమునకు రెండు, త్రేతకు మూడు, కృతమునకు నాలుగు నిచ్చినవి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు నాలుగు సమపాదములు చేసి, ఒక్కొక్కదానికి 10,80,000 ఇచ్చెను. ఉభయులకును భిన్నము మిగులలేదు.

పెద్ద సంఖ్యతో ప్రయోజన మేమి? చంద్రుడు ఏటికి పదుమూడు ప్రదక్షిణములును, పైని చిల్లరయు చేయును. ఆ చిల్లర ఏడాదిలో తేలదు. మహాయుగమునకు లెక్కించిన 5,77,53,336 అని పూర్ణసంఖ్యగా చెప్పవచ్చును. ఇందు సూర్యుని 43,20,000 ప్రదక్షిణములు తీసివేయగా చాంద్రమాసములు 5,34,33,336. సౌరమాసములు 5,18,40,000. ఎక్కువైన 15,93,336 అధికమాసములు. సౌరమాసములను వీనితో భాగింపుడు: ముప్పదిరెండున్నరకు కొంచెము పైగా వచ్చును. మన పంచాంగములో అధికమాసము సగటున రెండేండ్ల యెనిమిదిన్నర నెలల కొకటి వచ్చుట యీ భాగహారమువలననే.

ఇక దినములు. ఆర్యభటుడు మహాయుగమునకు 1,57,79,17,500 దినములు చెప్పెను. భాగించిన ఏడాదికి 365 దినముల 6 గంటల 12 నిమిషముల 30 సెకండ్లు. నేటి వేధచేత తెలిసిన నాక్షత్ర సంవత్సరము 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకండ్లు. భేదము ఏటికి 200 సెకండ్లు; సుమారు 432 ఏండ్ల కొక దినమగును. ఇచ్చటను 432 వచ్చుట కేవలము కాకతాళీయము. దీనికి మహిమ యంటగట్టకుడు.

సంక్రమణకాలము రెండు పంచాంగములలో రెండు విధములుగా నున్నపుడు గ్రామములలో పెద్దలు పక్షములు కట్టి మాటలు మానుకొనుట కలదు. అట్టి భేదమునకు ఇట్టి సెకండ్లు చేరి చేరి పెరుగుటయు నొక కారణము. 43,20,000 పెద్దలు సౌకర్యమునకై యేర్పఱచుకొన్న కొలపాత్ర. దానియందు దోషము లేదు. దినసంఖ్య మాత్రము ఆకాశమును చూచి తెలిసికొన్నది. దానిని మరల చూచి దిద్దుకొనవలయును. పూర్వులే బీజసంస్కారమను పేర నట్లు దిద్దుచు వచ్చిరి. కావున దిద్దువానిని నాస్తికుడనియు, దిద్దనివానిని మూఢుడనియు దూషింపక, ఉభయులును పలక ముందిడుకొని యీ భాగహారమును కలిసి చేయుదురు గాక.