వానప్రస్థమూ వృద్ధాశ్రమమూ



నిన్న ప్రవచనం ముగిసి, తీర్థప్రసాదాలు స్వీకరించి అందరూ వెళ్లిన తరువాత ఒక గృహస్థు మాత్రం మండపంలో నిలిచిపోయారు. "అయ్యా! మా అమ్మగారికి ఎనభై యేళ్లు. తుంటి ఎముక విరిగిన నాటినుండి ఒంటరిగా స్నానం చేయలేరు. మందులు వేళకు వేసుకోవడం మరచిపోతున్నారు. మేమిద్దరమూ ఉద్యోగస్థులం. ఆమెను వృద్ధాశ్రమంలో చేర్పిస్తే మాకు పాపం చుట్టుకుంటుందా?" అని కన్నీళ్లతో అడిగారు. ఈ ప్రశ్న నేడు అనేక గృహాలలో ఉన్నది. కనుక ఈ పూట దానినే విచారిద్దాం.

మహాభారతంలో ఆశ్రమవాసపర్వం ఉన్నది. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు ధర్మరాజు నీడలోనే ఉన్నాడు. భోజనానికి లోటు లేదు, పరిచారకులకు లోటు లేదు. అయినా భీమసేనుని పరుషవాక్యాలు ములుకులై ఆ వృద్ధుని హృదయంలో నాటుకున్నాయి. చివరకు ఆయనే వనానికి పోతానన్నాడు. ధర్మరాజు అంగీకరించలేదు, వ్యాసభగవానుడు నచ్చజెప్పిన మీదటనే అనుమతించాడు. కుంతీదేవి ముందు నడిచింది. ఆమె భుజంపై గాంధారి చేయి, గాంధారి భుజంపై ధృతరాష్ట్రుని చేయి. తరువాత పాండవులు సపరివారంగా వనానికి వెళ్లి, నెలకు పైగా వారితో గడిపారు.

ఈ కథలో మన గృహస్థు ప్రశ్నకు సమాధానం ఉన్నది. ఇంట ఉంచుకున్నంత మాత్రాన ఆదరించినట్లు కాదు. ఇల్లు మారినంత మాత్రాన విడనాడినట్లూ కాదు. పెద్దల సమ్మతి ఉన్నదా? చేయి పట్టుకొని నడిపించే మనిషి ఉన్నదా? బిడ్డల రాకపోకలు ఉన్నాయా? ధర్మం ఈ మూడింటి మీద నిలుస్తుంది.

మొదట సమ్మతి. తీర్థయాత్ర అని చెప్పి తీసుకువెళ్లి ఆశ్రమంలో దింపి రావడం వంచన. ముందుగా తల్లికి ఆ స్థలం చూపించాలి. అక్కడ కొన్నాళ్లు ఉండనిచ్చి, ఆమె మాట వినాలి.

ఇక సేవ. ఆశ్రమాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకుంటాయి. కొన్నింటిలో స్నానానికి, భోజనానికి, మందులకు సహాయకులు తోడుంటారు. మంచం పట్టినవారికీ, మతిమరుపు వ్యాధి ముదిరినవారికీ రేయింబవళ్లు నర్సులు ఉండే చోటు కావాలి. రాత్రివేళ ఎవరుంటారు? ఆపద వస్తే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు? రేపు మంచాన పడితే ఉంచుకుంటారా, పంపివేస్తారా? మధ్యలో వదలివస్తే డిపాజిట్టులో ఎంత తిరిగి ఇస్తారు? ఇవన్నీ అడిగి, సమాధానాలు కాగితంపై వ్రాయించుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2019లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ వృద్ధుల విశ్రాంత గృహాలకు మాదిరి మార్గదర్శకాలు వెలువరించింది. జారని నేల, చక్రాల కుర్చీకి వీలైన దారులు, నిర్మించినవారూ సేవ చేసేవారూ నివాసం తీసుకున్నవారూ కలసి వ్రాసుకునే ఒప్పందం అందులో ఉన్నాయి. కాని రాష్ట్రాలు స్వీకరిస్తేనే అవి అమలవుతాయి. సంరక్షణ గృహాల నమోదును తప్పనిసరి చేయదలచిన సవరణ బిల్లు అదే ఏడాది డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. అది చట్టం కాకుండానే 2024లో ఆ సభ గడువు ముగిసింది. కనుక పరీక్షించే బాధ్యత చాలావరకు కుటుంబం మీదనే ఉన్నది.

చట్టం అసలే లేదని కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, తమ సంపాదనతో, ఆస్తితో జీవించలేని తల్లిదండ్రులు బిడ్డలనుండి పోషణ కోరవచ్చు. ట్రిబ్యునల్ నోటీసు అందిన 90 రోజులలో తీర్పు చెప్పాలి. అసాధారణ సందర్భాలలో మరొక 30 రోజులు పొడిగించవచ్చు. వృద్ధుల పోషణ భారం తమపై ఉండి కూడా వారిని ఎక్కడో శాశ్వతంగా వదలివేసినవారికి మూడు నెలల వరకు జైలుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. సలహాకు 14567 నంబరుకు ఫోను చేయవచ్చు.

పెద్దలకూ ఒక్క మాట. బిడ్డలపై ప్రేమతో ఉన్నదంతా వ్రాసి ఇచ్చేటప్పుడు, నన్ను చూసుకోవాలన్న షరతును ఆ పత్రంలోనే వ్రాయించండి. ఆ షరతు తప్పితే దానపత్రాన్ని రద్దు చేయించుకునే హక్కు ఇదే చట్టంలోని 23వ సెక్షను ఇస్తున్నది. షరతు ఉన్నదని నిరూపించవలసి ఉంటుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వ్రాయించుకోవడం అపనమ్మకం కాదు, మెలకువ.

ఇక మూడవది, రాకపోకలు. దీనిని ఏ ట్రిబ్యునల్ ఇప్పించగలదు? నెలనెలా రుసుము చెల్లించడంతో ఋణం తీరదు. పాండవులు రాజ్యభారం విడిచి అడవికి వెళ్లి నెల రోజులుండగలిగినప్పుడు, వారానికి ఒక్క పూట మనకు దొరకదా?

ఆ గృహస్థుతో నేనన్నది ఇదే: "నాయనా! అమ్మగారిని అడగండి. ఆమె ఇష్టపడితే మంచి చోటు చూచి చేర్పించండి. కాని ఆదివారం ఆమె గుమ్మం వైపు చూసేసరికి మీరు అక్కడ ఉండండి. ఆమె ఇష్టపడకపోతే ఇంటికే ఒక సహాయకురాలిని పిలిపించండి." ఆయన తలవంచి నమస్కరించి, అమ్మను అడుగుతానని వెళ్లారు.

పరమాత్మ మనందరికీ అట్టి బుద్ధిని అనుగ్రహించుగాక!

స్వస్తి.