పుస్తక ప్రదర్శనములకు మనవారిని పంపవలసిన యావశ్యకత
(వార్షిక మహాసభయందు విద్యాశాఖ పక్షమున గావింపబడిన యుపన్యాసము)



 మన సంఘముల పుట్టుకకు విద్యయే మూలకారణమని మీరెఱుగుదురు. పల్లెలనుండి పట్టణములకు చదువుకొన వచ్చిన పిల్లలకు వసతి గృహములు, వారికి పఠన మందిరములు, బీదవారికి విద్యార్థి వేతనములు, ఇవియే మన పెద్దలు తలపెట్టిన తొలి కార్యములు. ఆ మందిరముల బీరువాలలో నేడున్న పుస్తకము లెట్టివి, అవి యెట్లు కొనబడుచున్నవి యనునదియే మా ప్రసంగమునకు విషయము.

మన దాతలు పుస్తకములకని ధనమిచ్చుటలో నెన్నడును వెనుదీయలేదు. కాని యా ధనము వ్యయమగు విధమును కొంచెము పరికింపుడు. సంవత్సరాంతమున నిధి మిగిలియున్నదని తెలిసినంతనే విక్రేతకు కబురు పోవును. ఆయన యొక జాబితా పంపును. అందు పుస్తకము పేరు, వెల, కమిషను తప్ప వేఱొండు లేదు. ఎవరెక్కువ కమిషను నిత్తురో వారికే యార్డరు. మూటలు వచ్చును, ముద్రలు పడును, నమోదు పుస్తకమున సంఖ్య లెక్కును, బీరువాకు తాళము పడును. ఏండ్లు గడచిన పిమ్మట తెఱచి చూచిన, సగము పుస్తకములపై చేయి పడిన గుఱుతైన గానరాదు.

ఇందువలన నష్టపడువా రెవరు? కలవారి బిడ్డ తనకు వలసిన పుస్తకమును తానే కొనుక్కొనును. వసతి గృహమున నున్న బీద విద్యార్థికి బీరువాలోనున్నదే పుస్తకము. ఆతడు పోటీపరీక్షకు చదువుచున్నాడనుకొందము. ఆతని చేతి భూగోళ గ్రంథమున తెలంగాణమునకు పది జిల్లాలని యుండవచ్చును. 2016లోనే యవి ముప్పదియొకటి యైనవి, 2019లో ముప్పదిమూడైనవి. ఆంధ్రప్రదేశమునకు పదమూడు జిల్లాలని యుండవచ్చును. 2022లోనే యవి యిరువదియాఱైనవి. అట్ట మాత్రము క్రొత్తది, లోని మాట ప్రాతది. ఆ యొక్క తప్పుచేత వాని యొక సంవత్సరము వ్యర్థమైన నెవరు బాధ్యులు? కొనినవారు పుస్తకమును తెఱచి రెండు పుటలు చూచియుండిన నీ కీడు తప్పియుండెడిది. పుస్తకములను చేతబట్టి, తెఱచి, పోల్చి, అడిగి తెలిసికొనుటకు పుస్తక ప్రదర్శనమును మించిన తావు లేదు. కావున మన గ్రంథాలయాధికారులను, ఉపాధ్యాయులను ఏటేట నట్టి ప్రదర్శనములకు పంపవలయునని మా మనవి.

ఇది క్రొత్త యూహ కాదు. జర్మనీ దేశమున మైంజు నగరమందు అచ్చు పుట్టిన కొలదికాలమునకే దాని చేరువనున్న ఫ్రాంక్‌ఫర్టు సంతకు అచ్చు పుస్తకములు రాసాగెను. 1564లో గియోర్గ్ విల్లరు అను పుస్తక వర్తకుడు ఆ సంతకు వచ్చిన గ్రంథముల పట్టికను అచ్చొత్తించెను. నేడు మన యింటికి వచ్చు జాబితాలకు పూర్వరూపము సంతయందే పుట్టినదన్నమాట. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ ప్రదర్శనము 1949లో మఱల నారంభమయ్యెను. ఆ యేడు 205 జర్మను సంస్థలు పాల్గొనెను. నేడది లోకమందలి పుస్తక వర్తకులకు ముఖ్యమైన కూడలి. ఇంగ్లాండునందు సర్ థామస్ బాడ్లీ 1602లో ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమును తెఱపించినపుడు, ఇంటికి వచ్చిన పుస్తకములతో తృప్తిపడక, జాన్ బిల్ అను పుస్తక వర్తకుని ఇటలీ మొదలగు దేశములకు పంపి గ్రంథములు కొనిపించెను. దారిఖర్చు దండుగయని యాయన తలపలేదు. ఇక 1971లో లండనునందు కొలదిమంది చిన్న ప్రచురణకర్తలు ఒక హోటలులో బల్లలపై తమ పుస్తకములు పఱచి గ్రంథాలయాధికారులను చూడరమ్మనిరి. నేటి లండను పుస్తక ప్రదర్శనమునకు అదియే బీజము. అనగా అంత పెద్ద వ్యాపారము గ్రంథాలయాధికారి కొఱకే మొదలైనదని గ్రహింపుడు.

మన దేశమున 1972వ సంవత్సరము మార్చి నెలలో ఢిల్లీయందు తొలి ప్రపంచ పుస్తక ప్రదర్శనము జరిగెను. దానిని ప్రారంభించిన రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరిగారు తెలుగువారగుట మనకు ముదావహము. 1976లో కలకత్తా ప్రదర్శనము మొదలయ్యెను. 1997లో అచట నగ్నిప్రమాదము సంభవించి అంగళ్లు దగ్ధముకాగా, కొలది దినములలోనే నిర్వాహకులు ప్రదర్శనమును మఱల తెఱచిరి. పుస్తకముపై వంగదేశీయుల మక్కువ యట్టిది. తెలుగునాట విజయవాడయందు 1989 నుండి జనవరి మాసమున పుస్తక మహోత్సవము జరుగుచు వచ్చినది. హైదరాబాదునందును దాదాపు నాలుగు దశాబ్దులుగా ప్రదర్శనము జరుగుచున్నది. దూరదేశములకు పోనక్కఱ లేదు. రాత్రి బండి యెక్కిన తెల్లవాఱుసరికి చేరవచ్చును.

ఇట నొక సందేహము. “ప్రతివాని చేతను ఫోనున్నది, అందు పుస్తకములన్నియు గానవచ్చుచున్నవి, ఇంటికే తెచ్చి యిచ్చుచున్నారు, ప్రయాణ మెందులకు?” అని కొందఱు పెద్దలు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మనకు పేరు తెలిసిన పుస్తకమును తెప్పించుకొనుటకు ఫోను చాలును. కాని పేరే తెలియని పుస్తకమును వెదకుట యెట్లు? అందు అట్ట కనబడును, రెండు మూడు పుటలు కనబడును. కాగితము, కుట్టు, అక్షరముల పరిమాణము కనబడవు. అదియునుగాక తెలుగు పుస్తకములలో ననేకములు రచయితలు తామే స్వల్పసంఖ్యలో అచ్చువేయించుకొనినవి. జిల్లా చరిత్రలు, స్థానిక వృత్తుల వర్ణనలు, జీవిత చరిత్రలు ఏ జాబితాలోనికిని ఎక్కక, రచయిత యింట మూటలుగా నుండి, ప్రదర్శనమున నొక బల్లపైననే వెలుగు చూచుచున్నవి. ఆ యేడు కొనకున్న మఱి దొరకవు.

గ్రంథాలయాధికారి ప్రదర్శనమున నేర్చుకొనదగినవి వివరించెదము. మొదటిది పుస్తకపు దేహపరీక్ష. నడుమకు తెఱచి ఫారముల మధ్య దారము కలదా, లేక జిగురుతోనే వీపునంటించిరా యని చూడవలయును. పదిమంది చేతులు మాఱు పుస్తకమునకు దారపు కుట్టే శ్రేయము. జిగురు విఱిగిన పుటలు రాలిపోవును. లోపలి యంచు చాలినంత వెడల్పుగా లేకున్న మఱల బైండు చేయించుటకు వీలుపడదు. ఒక ఫారము లేకుండుటయో, రెండుమాఱులు కుట్టబడుటయో కలదేమో కొనునపుడే తిరుగవేసి చూచిన, తరువాత వాదులాడు పని యుండదు. రెండవది కూర్పు పరీక్ష. ముఖపత్రము వెనుక ముద్రణ సంవత్సరము చూడవలయును. పునర్ముద్రణమునకును, సవరించిన కూర్పునకును భేదము తెలియవలయును. మూడవది పోలిక. నాలుగు సంస్థల నిఘంటువులను ప్రక్కప్రక్కన బెట్టి ఒకే మాటకు అర్థము చూచినచో నేది పిల్లలకు సుబోధమో తెలియును. నాలుగవది కమిషను మర్మము. వెలను పెంచి కమిషను నెక్కువగా నిచ్చుటకన్న, న్యాయమైన వెలపై స్వల్పమైన తగ్గింపే మేలు. పుటల సంఖ్యను, వెలను సరిచూచినవారికి ఈ మర్మము దానంతటదే విడిపోవును.

ఉపాధ్యాయులకు గలుగు లాభము వేఱు. పాఠ్యపుస్తకమునకు వెలుపలి పుస్తకమే పిల్లవానికి చదువుపై రుచి పుట్టించును. బాలల పుస్తకములకే ప్రత్యేకముగా ఇటలీలోని బొలోన్యా నగరమున 1964 నుండి ప్రదర్శనము జరుగుచున్నదనగా, ఆ శాఖ యెంత విశాలమైనదో యూహింపవచ్చును. మన ప్రదర్శనములయందు ఉపాధ్యాయుడు బాలల పుస్తకముల యంగడియొద్ద అరగంట నిలిచినచో, పిల్ల లే పుస్తకమును తామై చేతబట్టుచున్నారో, దేనిని రెండు పుటలలోనే విడిచుచున్నారో కన్నులారా చూడవచ్చును. అంతియకాదు, ప్రచురణకర్తకు తానును చెప్పవచ్చును. మా బడిలో నీ పుస్తకము చదివి చదివి చినిగినది, ఈ పుస్తకపు భాష మా మూడవ తరగతి పిల్లలకు మింగుడుపడలేదు, మా ప్రాంతపు నుడికారముతో కథలు లేవు, అని చెప్పువారుండిననే మంచి పుస్తకములు పుట్టును. వర్తకునకు అమ్మకపు లెక్క తెలియునుగాని చదువరి మనస్సు తెలియదు. చూపులేని విద్యార్థుల విషయమునందును విచారింపవలయును. వారికి చదువవీలగు రూపమున గ్రంథములు సిద్ధపఱచుటకై 2013లో మఱాకెష్ నగరమున నొక యంతర్జాతీయ యొడంబడిక కుదిరెను. దానిని 2014లో అందఱికన్న ముందు ధ్రువపఱచిన దేశము మనదే. బ్రెయిలీ పుస్తకములు, శ్రవణ పుస్తకములు ఎచట లభించునో యడిగి తెలిసికొనుట మన వసతి గృహముల బాధ్యత.

ఖర్చు మాట చెప్పెదము. ఉదాహరణమునకు ఇరువదివేల రూపాయల నిధి యున్నదనుకొందము. ఇరువురి ప్రయాణమునకు, భోజనమునకు మూడువేలు పోయినచో పదునేడువేల పుస్తకములు వచ్చును. ప్రయాణము మాని ఇరువదివేలకును కొని, అందు నాలుగవవంతు ఎవరును ముట్టని పుస్తకములైనచో పోయినది ఐదువేలు. ఏది పొదుపో మీరే తీర్పు చెప్పుడు.

అయితే ఊరక పంపిన ఫలము లేదు. పోవుటకు ముందు నెలదినములు “అడిగిరి, లేదు” అను శీర్షికతో నొక పుస్తకముంచి, చదువరు లడిగి పొందలేకపోయిన పుస్తకముల పేర్లు వ్రాయింపవలయును. ఉన్నవాని పట్టికను వెంట గొనిపోవలయును. మొదటిదినము చూచుటకే గాని కొనుటకు గాదు. రెండవదినమున పోల్చి కొనవలయును. నిధిలో కొంత మిగిల్చి తెచ్చి, తరువాత చదువరు లడుగు పుస్తకములకు వినియోగింపవలయును. తిరిగివచ్చిన పిమ్మట ఏవి కొనిరో, ఏవి యెందుకు విడిచిరో వ్రాతమూలకముగా సంఘమునకు నివేదింపవలయును. పోవువారు కార్యదర్శులును ధనికులును గాక, బీరువా తాళము చేతనుండి ప్రతిదినము చదువరుల ముఖము చూచువారై యుండవలయునని మా గట్టి యభిప్రాయము. బాలికల వసతి గృహపు పర్యవేక్షకురాలిని తప్పక పంపవలయును. ఆడుపిల్లల కేది వలయునో మనమిచట కూర్చుండి నిర్ణయించుట తగదు.

తెలుగువారికి పుస్తకమును జనులయొద్దకు గొనిపోవుట క్రొత్త గాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు తమ జీవితమును ఆ యుద్యమమునకే ధారవోసిరి. 1935లో పెదపాలెపు గ్రంథాలయమువారు పాతూరి నాగభూషణముగారి పూనికతో పడవపై పుస్తకములు పేర్చి కాలువ వెంట గ్రామములకు పంచిరి. చదువరియొద్దకు పుస్తకమును పడవపై దెచ్చిన వారి సంతతి, పుస్తకమున్న తావునకు గ్రంథాలయాధికారిని బండిపై పంపజాలదా?

కావున ఈ మహాసభవారికి మా విన్నపములు మూడు. పుస్తక నిధిలో నొక భాగమును ప్రయాణవ్యయమునకై ప్రతియేట ప్రత్యేకింపవలయును. గ్రంథాలయాధికారి నొకరిని, ఉపాధ్యాయు నొకరిని విధిగా పంపి, వారి నివేదికను మఱుసటి సంచికయందు ప్రకటింపవలయును. అట్లు కొనిన పుస్తకములను మన పిల్లలకే గాక, పఠన మందిరమునకు వచ్చు అన్ని కులములవారికిని సమానముగా నీయవలయును. ఈ మూడింటిని తీర్మానముగా నంగీకరించి, వచ్చు ప్రదర్శనమునకే ఇరువురిని పంపెదరని నమ్ముచున్నాము.