చేత్తో రెండు చుట్లు



ఇక్కడ కూర్చున్నవాళ్లలో తిరగలి పట్టని చెయ్యి తక్కువ. కందులు విసురుతుంటే చిన్న రాయి పడిందనుకోండి. కంటికి కనబడక ముందే చేతికి తెలిసిపోతుంది. పిడి ఒకచోట పట్టేస్తుంది. వెంటనే ఆపి, రాయి ఏరి పారేస్తారు. బలవంతంగా తిప్పితే రాయి నలిగి పప్పులో కలుస్తుంది.

ఆయిలింజను సంగతీ అంతే. ఇంజను మగవాళ్ల వస్తువు అంటారు. దాని బాగుకు తాకట్టు పోయేది మాత్రం ఆడవాళ్ల మెడలోని గొలుసు!

కరెంటు మోటార్లు వచ్చాక ఆయిలింజన్లు తగ్గాయి. అయినా కరెంటు తీగ వెళ్లని పొలాల్లో, కాలువ గట్ల మీద ఇంకా అవే నీళ్లు తోడుతున్నాయి. అవి అరిగిపోతే టౌనుకు తీసుకెళ్తారు. మెకానిక్ ఇంజను మొత్తం విప్పుతాడు. పిస్టను, రింగులు, బుష్షులు కొత్తవి వేసి మళ్లీ బిగిస్తాడు. అలా బిగించిన ఇంజనును వెంటనే స్టార్టు చెయ్యకూడదు. ముందు చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. ఎందుకంటే చేత్తో తిప్పేటప్పుడు ఏదైనా తగిలితే ఇంజను ఆగుతుంది, అంతే. స్టార్టయ్యాక తగిలితే వాల్వు వంగుతుంది, పిస్టను పగులుతుంది. పెట్టిన డబ్బంతా పోతుంది.

ఒక ఊళ్లో ఒక రైతమ్మ ఉంది. వాళ్ల ఇంజను బాగు చేయించారు. మెకానిక్ కుర్రాడు దాన్ని గట్టు మీద బిగించాడు. డీజిల్ పోయబోయాడు.

"తమ్ముడూ, ఆగు. ముందు ఒకసారి చేత్తో తిప్పు" అంది ఆమె.

"అన్నీ సరిగ్గా బిగించానక్కా. భయం లేదు."

"భయం కాదు. నా ముందర తిప్పు."

కుర్రాడు నవ్వాడు. కానీ డబ్బా కింద పెట్టాడు. క్రాంకులో ఆయిలు ఉందో లేదో చూశాడు. డీజిల్ కుళాయి కట్టేశాడు. ఈ ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలి బాగా నొక్కుకుంటే వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిలు పంపు కొడితే అడుగున వేడెక్కడం మీరు చూసే ఉంటారు. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇలాంటి ఇంజనును నడిపి చూపించాడు. డీజిల్ అనేది ఆయన ఇంటిపేరే. అందుకే తిప్పి చూసేటప్పుడు డీజిల్ లోపలికి పోకూడదు.

ఇంజను తల మీద చిన్న లివరు ఉంటుంది. దాన్ని ఎత్తి పెడితే లోపలి గాలి బయటికి పోతుంది. అప్పుడు తిప్పడం తేలిక. ఆమె పైట బిగించి దోపుకుంది. హ్యాండిలు పట్టుకుంది. బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే పెట్టింది. హ్యాండిలు చుట్టూ బొటనవేలు వేస్తే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది.

నెమ్మదిగా తిప్పింది. సగం చుట్టు బాగానే తిరిగింది. తరవాత "ఠక్" మని ఆగింది.

"కంప్రెషనక్కా అది. గట్టిగా లాగు" అన్నాడు కుర్రాడు.

ఆమె లాగలేదు. గాలి అడ్డుపడితే మెత్తగా ఉంటుంది. మూతి మూసిన సైకిలు పంపులాగా చేతిని వెనక్కి నెడుతుంది. కాసేపు ఆగితే వదులవుతుంది. ఇనుముకు ఇనుము తగిలితే అలా ఉండదు. గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది. పైగా లివరు ఎత్తే ఉంది, గాలి ఎక్కడిది?

రాత్రి బడి సుద్దముక్క ఆమె కొంగున ఉంది. పెద్ద చక్రం మీద గీత గీసింది. చక్రాన్ని వెనక్కి తిప్పింది. దాదాపు చుట్టంతా తిరిగి, మళ్లీ ఠక్కున ఆగింది. అక్కడ ఇంకో గీత గీసింది. రెండు గీతలూ పక్కపక్కనే ఉన్నాయి.

కుర్రాడి నవ్వు పోయింది. పిస్టను పైకొచ్చేది సరిగ్గా అక్కడే. హెడ్డు విప్పాడు. పిస్టను తల మీద తగిలిన గుర్తు మెరుస్తోంది. కింద వెయ్యాల్సిన రేకు పలచనిది వేశాడు. మందంది వేసి మళ్లీ బిగించాడు. పిస్టను మీద సీసపు తీగ పెట్టి తిప్పాడు. తీగ ఎంత నలిగిందో కొలిస్తే పైన ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

ఈసారి ఆమె రెండు చుట్లు పూర్తిగా తిప్పింది. ఒక్క చుట్టు చాలదు. గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం, ఈ నాలుగు పనులకూ రెండు చుట్లు కావాలి. వాల్వులన్నీ ఒకసారి తెరుచుకుని మూసుకునేది అప్పుడే. కొత్త రింగులు కాబట్టి కాస్త బిగువుగా ఉంది. కానీ చుట్టంతా ఒకే బిగువు. ఎక్కడా పట్టలేదు.

కారు ఇంజనుకైనా ఇదే పద్ధతి. గేరు న్యూట్రల్‌లో పెడతారు. పెట్రోలు బండి అయితే ప్లగ్గులు విప్పుతారు. క్రాంకు బోల్టుకు పానా వేసి రెండు చుట్లు తిప్పుతారు.

తరవాత లివరు దించి తిప్పింది. ఒకచోట గాలి మెత్తగా చేతిని నెట్టింది. "ఇదీ కంప్రెషన్" అంది ఆమె.

అప్పుడు డీజిల్ కుళాయి తిప్పారు.

"మొదట్లో ఎక్కువ లోడు వెయ్యొద్దక్కా. ఆయిలు కూడా తొందరగా మార్చాలి" అన్నాడు కుర్రాడు. ఆమె ఆ రోజు తేదీని నోటుబుక్కులో రాసుకుంది.