పూర్వీకుల పద్ధతి ఏది?

(మస్జిదు ఆవరణలో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఎవరైనా ‘ఇది ఎప్పటినుంచో వస్తున్నదే’ అంటే, ఎప్పటినుంచి, ఏ దస్త్రంలో ఉంది అని అడగడం అలవాటైపోయింది. ఈ అలవాటు మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. అయినా ఈ రోజు దానితోనే మాట్లాడతాను.

గత రంజాన్‌కు ముందు మా వీధిలో ఒక ఇంటికి వెళ్ళాను. ఇరవై మూడేళ్ళ యువకుడు, డిగ్రీ చదివినవాడు, కిటికీ చువ్వకు గొలుసుతో కట్టబడి ఉన్నాడు. రాత్రుళ్ళు నిద్రపోడు, ఎవరో తనను పిలుస్తున్నారంటాడు. ఒక ఆమిల్ వచ్చి జిన్ను అసర్ అని తేల్చి, తావీజు కట్టి, నలభై రోజులు కట్టివేయమన్నాడట. పుచ్చుకున్నది పదకొండు వేలు. ఆసుపత్రి మాట ఎత్తితే ఆయన అన్నది ఇది: ‘పిచ్చికి వైద్యం ఇంగ్లీషువాడు తెచ్చిన పద్ధతి. మన పూర్వీకులు దువాతోనే నయం చేసుకున్నారు. డాక్టరు దగ్గరకు పోతే ఈమాన్ బలహీనమైనట్లే.’ కొడుకు రోగం కంటే ఈ చివరి మాటకే ఆ తల్లి ఎక్కువ భయపడింది.

జిన్నుల ఉనికిని నేను ప్రశ్నించడం లేదు. రోగి కోసం దువా చేయడం సున్నత్. కానీ ఆ ఆమిల్ సాహెబ్ చేసింది చరిత్రకు సంబంధించిన వాదన. కనుక చరిత్రనే అడుగుదాం.

వైద్యం చేయించుకోవచ్చునా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు ఆయన ఛాతీపై స్వయంగా చేయి వేసి, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమన్నారని అబూ దావూద్ సంకలనంలో ఉంది. ప్రవక్త దువా కంటే గొప్ప దువా ఎవరిది? అయినా వైద్యుని వద్దకు పంపారు. ఈమాన్ బలహీనమవుతుందన్న మాట ఇక్కడే వీగిపోయింది.

ఇక మనోవ్యాధుల సంగతి. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర, మానస ఆరోగ్యాలపై ఒక గ్రంథం రచించి, దుఃఖం, భయం, వస్వసా వంటివాటిని వైద్య విషయాలుగానే చర్చించారు. సుల్తాన్ నూరుద్దీన్ 1154లో డమాస్కస్‌లో బీమారిస్తాన్ కట్టించారు. ఆ కట్టడం నేటికీ నిలిచి ఉంది. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో స్థాపించిన ఆసుపత్రిలో జ్వరాలకు, కంటి జబ్బులకు, శస్త్రచికిత్సకు వేరువేరు విభాగాలతో పాటు మానసిక రోగులకూ విభాగం ఉండేది. ఖర్చు వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుంచి వచ్చేది. వక్ఫ్ భూముల కోసం మనం చేస్తున్న పోరాటంలో ఈ సంగతి ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు ఆశ్చర్యమే. ఈస్టిండియా కంపెనీకి 1600లో అనుమతి పత్రం దక్కేనాటికి ఆ ఆసుపత్రికి 316 ఏళ్ళు. ఇంగ్లీషువాడు మనకు తెచ్చిపెట్టినది ఏమిటో ఆయనే చెప్పాలి.

అయితే మనకు నచ్చిన కాగితం మాత్రమే ఫైలులో ఉంచకూడదు. 1184లో డమాస్కస్‌ను సందర్శించిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, అక్కడ మతిస్థిమితం తప్పినవారికి చికిత్స జరిగేదనీ, వారిని గొలుసులతో కట్టేవారనీ రాశాడు. అంటే గొలుసు ఆనాడూ ఉంది. కానీ గొలుసుతో పాటు వైద్యుడూ ఉన్నాడు. మన వీధిలో గొలుసు మాత్రమే మిగిలింది.

వైద్యుడు లేని గొలుసు ఎక్కడికి దారితీస్తుందో మన పొరుగునే ఉన్న తమిళనాడులో చూశాం. రామనాథపురం జిల్లా ఎర్వాడి దర్గా దగ్గరకు మానసిక రోగులను తెచ్చి, స్వస్థత కలిగేదాకా ఉంచే ఆనవాయితీ ఉండేది. వారికోసం చుట్టుపక్కల ప్రైవేటు వ్యక్తులు ఆశ్రమాలు నడిపేవారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అటువంటి ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండటంతో రోగులు బయటపడలేకపోయారు. మొత్తం 28 మంది మరణించారు. ఈ దుర్ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. దీన్ని చూపి మన సమాజాన్ని ఎగతాళి చేసేవారున్నారని నాకు తెలుసు. అందుకని మనం మౌనంగా ఉంటే, ఆ 28 మంది పక్షాన మాట్లాడేదెవరు? తరువాతి కాలంలో ఎర్వాడి దర్గా వద్దనే దువాతో పాటు దవా కూడా అందించే ఏర్పాటు జరిగింది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో అంతకు ముందే ఇటువంటిది మొదలైంది. ఆ దర్గాలకు వచ్చే భక్తులెవరూ దానివల్ల ఈమాన్ పోగొట్టుకోలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో బంధించడం నిషిద్ధం. తావీజులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం కిందనే నేరం. గోడలపై, ఆటోల వెనుక ఆ ప్రకటనలు మీరూ చూస్తూనే ఉన్నారు.

ఆ యువకుని తండ్రికి ఈ సంగతులన్నీ చెప్పాను. నా మాట నమ్మనక్కరలేదు, ఆమిల్ సాహెబ్ తాను చెప్పినదాన్ని సంతకంతో కాగితం మీద రాసి ఇస్తారేమో అడగమన్నాను. ఆయన అడిగాడు. ఆమిల్ సాహెబ్ కోపగించుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మరునాడు గొలుసు విప్పి, అబ్బాయిని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్ళాం. మాత్రలు వాడుతున్నాడు. పూర్తిగా నయమైందని చెప్పలేను. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు, నాతో పాటు ఫజ్ర్ నమాజుకు వస్తున్నాడు. తల్లి ఇప్పటికీ ప్రతిరోజూ ఖుర్‌ఆన్ చదివి అతనిపై ఊదుతుంది. డాక్టరు గారు దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఇటువంటి ఇల్లు మీ వీధిలో ఉంటే, ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత సంఖ్య 14416. తెలుగులో మాట్లాడవచ్చు. ఆసుపత్రికి తోడు రావలసి వస్తే, నమాజు తరువాత నన్ను ఇక్కడే కలవండి.